పళ్ళ పరీక్ష రోజు వచ్చిన రక్తం గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన గురువారం బడిలో పళ్ళ పరీక్ష జరిగింది. ఆ సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట: "డాక్టర్లు గుచ్చితే పిల్లల నోట్లో రక్తం వచ్చింది" అని. ఇద్దరు తండ్రులు బడికే వచ్చి గట్టిగా అడిగారు. పిల్లల మీద ప్రేమ కొద్దీ అడిగారు, నేను తప్పు పట్టను. కానీ ఆ రోజంతా డాక్టరమ్మ వెనకాలే నిలబడి చూసింది నేను. మొద్దు మొన ఉన్న సన్నటి కడ్డీని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా ఆనించి తీశారు, అంతే. లేత గులాబీ రంగు చిగుళ్ళున్న పిల్లలకు చుక్క కూడా రాలేదు. ఎర్రగా ఉబ్బి ఉన్నచోటే వచ్చింది.

ఆరోగ్యంగా ఉన్న చిగురులోనూ తెల్ల రక్తకణాలు కాపలా ఉంటాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి రాత్రీ పగలూ రక్తంలోంచి చిగురు అంచుకి వచ్చి సూక్ష్మజీవుల్ని మింగుతూనే ఉంటాయి. పాచి రోజుల తరబడి పేరుకుంటే ఆ కాపలా చాలదు. మరిన్ని కణాలు రావడానికి రక్తనాళాలు వెడల్పవుతాయి, చిగురు ఉబ్బుతుంది, తాకితే రక్తం వస్తుంది. ఆ తర్వాత టి కణాలు, బి కణాలు, ప్లాస్మా కణాలు అనే మరికొన్ని రోగనిరోధక కణాలు గుంపుగా చేరతాయి. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే కొందరిలో పంటిని పట్టి ఉంచే ఎముకే అరిగిపోతుంది. ఇప్పుడే, వాపు దశలోనే జాగ్రత్తపడితే తగ్గుతుంది. 1965లో హరాల్డ్ లో (Löe) అనే దంతవైద్యుడి బృందం ప్రచురించిన ప్రయోగంలో 12 మంది పళ్ళు తోమడం మానేస్తే, మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలయ్యాయి.

"ఆ కణాలు మనకి కనిపిస్తాయా సార్?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది. నోరు పుక్కిలించిన నీటి చుక్కని స్లైడు మీద ఆరబెట్టి, మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వేసి, మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఇంటర్వెల్ బెల్లు కొట్టినా లేవలేదు. మొదట అన్నీ బుగ్గ లోపలి పలచటి కణాలే. చివరికి "సార్, కేంద్రకం మూడు ముక్కలుగా ఉంది!" అని అరిచింది. నేనూ చూశాను, న్యూట్రోఫిలే, దాని కేంద్రకమే అలా ముక్కలుగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అంత సంతోషం నాకు ఎన్నిసార్లు కలిగిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బీరువాలో తాళం వేసి దాచుకోవడానికి కాదు మైక్రోస్కోపు ఉన్నది! పాఠం కంఠస్థం చేసిన పిల్ల పరీక్షయ్యాక మర్చిపోతుంది, తన నోట్లోని కణాన్ని తన కంటితో చూసిన పిల్ల మర్చిపోదు. ఇకనుంచి ప్రతి శుక్రవారం ల్యాబు తెరిచే ఉంటుంది.

ఆరో తరగతి బాబు ఒకడు ఇంట్లో బ్రష్షులు లెక్కపెట్టుకొచ్చాడు. ఐదుగురికి రెండు. దయచేసి ఎవరి బ్రష్షు వారికి కొనండి. రక్తం వస్తోందని తోమడం మాన్పించకండి, మెత్తటి బ్రష్షుతో మెల్లగా తోమించండి. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఇటుకపొడి, బొగ్గు వద్దని ఎన్నిసార్లు చెప్పాను! రాత్రి తోమాక మళ్ళీ బిస్కెట్లు చేతికివ్వడం, ఖైనీ ప్యాకెట్టు కోసం పిల్లల్నే కొట్టుకి పంపడం కూడా ఆపండి. మన దర్శి, కనిగిరి వైపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద పడే పసుపు మరకలు వేరే సంగతి. అవి తోమితే పోవు, వాటికోసం పిల్లల్ని తిట్టకండి.

బస్సు పాసుల ఫోటోలు సోమవారంలోపు పంపండి. యూనిట్ టెస్టు మార్కులు బోర్డు మీద ఉన్నాయి.

శనివారం తల్లిదండ్రుల సమావేశంలో ఆ స్లైడు మైక్రోస్కోపు కిందే ఉంటుంది. ఆ అమ్మాయే దగ్గరుండి చూపిస్తుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు