అరబుకో-సొకోకే అడవి అంచు పనులు: సర్వసభ్య సమావేశానికి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సమావేశానికి ముందే నివేదిక అందరికీ చేరాలని మన నియమావళిలో ఉంది. దయచేసి చదివి రండి. పోయినసారి సభలో మొదటి నుంచి చివరిదాకా చదివేసరికి పులిహోర చల్లారిపోయింది.

సంఘం ఆశయాలు కొత్తగా చెప్పక్కర్లేదు. కెన్యాలో కిలిఫీకీ మలిందీకీ మధ్య సుమారు 420 చదరపు కిలోమీటర్లున్న ఈ అడవి తూర్పు ఆఫ్రికా తీరంలో ఒకే ముక్కగా మిగిలినవాటిలో పెద్దది. దాన్ని కాపాడేందుకు అటవీ శాఖ ఉంది, వన్యప్రాణి శాఖ ఉంది, ఊళ్ల అటవీ సంఘాలున్నాయి. మనం చేయగలిగింది అంచు ఊళ్లలోనే. ఇక్కడి గిరియామా తెగవాళ్ల ఇంటి గోడకు కర్రల చట్రం కట్టి మట్టి మెత్తుతారు. ఆ కర్ర పెరట్లో దొరికితే సరే, లేకపోతే అడవిలోంచే రావాలి. ముందుగా గొడ్డలి పడేది నిటారుగా పెరిగిన నడివయసు చెట్ల మీద. అవి పోతే పైకప్పు తెరుచుకుని ఎండ నేలకు దిగుతుంది. ఆ నీడలో రాలిన ఆకుల మధ్య నడుస్తూ పురుగులు ఏరుకునే సొకోకే పిపిట్ అనే చిన్న పక్షికి ఇక అక్కడ పని ఉండదు.

అందుకే ఈ ఏడాది బలమంతా సరుగుడు నారుమడి మీద పెట్టాం. ఇక్కడివాళ్లు దీన్ని మ్విన్జే అంటారు. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ సాగు కొట్టిన పిండి, అయినా మొదటి మడి పోయింది. సరుగుడు విత్తనం రెక్కలున్న పొట్టులా ఉంటుంది. ఉదయం చల్లితే సాయంత్రానికి చీమలు మోసుకుపోయాయి. రెండోసారి ట్రేలను బల్లల మీదకెక్కించి, బల్ల కాళ్లను నీళ్లు పోసిన డబ్బాల్లో నిలబెట్టాం. విత్తనంలో సన్న ఇసుక కలిపి చల్లి, కనపడీ కనపడనంత ఇసుక పైన కప్పాం. పది రోజుల్లోపే మొలకలొచ్చాయి. అప్పుడు ఎవరో ప్రేమ ఎక్కువై పూటపూటా తడిపారు. నారుకుళ్లు వచ్చి ఒక మూలంతా మెడ దగ్గర కుళ్లి పడిపోయింది. సన్న తుంపరతో రోజుకొకసారి చాలు, మబ్బుగా ఉంటే అదీ వద్దు.

నారు జానెడులో సగం ఎదిగాక సంచుల్లోకి మార్చాం. అడుగున చిల్లులు పెట్టిన పాల ప్యాకెట్లే సంచులు. ప్యాకెట్లు కడిగి ఎండబెట్టి పంపిన ఇళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. కడక్కుండా పంపినవారికి కూడా, వాసన మాత్రం మరచిపోలేం. సంచి మట్టిలో పాత సరుగుడు తోట మట్టి పిడికెడు తప్పక కలపాలి. వేళ్ల మీద బొడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఆ మట్టితోనే వస్తుంది. అది కలపని వరుస పసుపు తిరిగి గిడసబారింది. మేలో వానలు నిలకడగా పడ్డాక రెండు మీటర్లకొకటి చొప్పున నాటించాం. ఆ లెక్కన హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి.

ఒక హెచ్చరిక. సరుగుడు పొలంలోనే, అడవిలోకి ఒక్క మొక్క కూడా పోకూడదు. దాని రాలిన ఆకుల కింద స్థానిక మొలక లేవడం కష్టం. అడవి గట్టున బోసిపోయిన చోటికి మ్బంబకోఫీ అనే ఇక్కడి చెట్టు మొక్కలు పెంచుతున్నాం. గురివిందను తిరగేసినట్టు నల్లటి గింజకు ఎర్రటి టోపీ ఉంటుంది. టోపీ ఒలిచి, ఒక రాత్రంతా నానబెట్టి నాటాలి, ఒలవకపోతే ఎలుకలకు పిలుపే. తల్లివేరు సంచి చీల్చుకుని నేలలోకి దిగుతుంది కాబట్టి సంచులు వారానికోసారి జరపాలి. ఆ జరిపే వంతు ఎవరిదో పట్టికలో రాసే ఉంది. రాసినవాళ్లు రాలేదు. ఈ మొక్కలు నాటడానికి అనుమతి కాగితం కోసం ఒక కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్లాం. సంతకం చేయాల్సినాయన మూడుసార్లు మీటింగులో ఉన్నారు, నాలుగోసారి బదిలీ అయ్యారు. మొక్కలు ఇంకా సంచుల్లోనే ఉన్నాయి.

ఇక కార్తీక వనభోజనాలు. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది ఇదే. అడవులూ పార్కుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను కెన్యా 2020 జూన్ నుంచి నిషేధించింది. మనవాళ్లు అరిటాకులూ, స్టీలు గ్లాసులూ, క్యాన్లలో నీళ్లూ తెచ్చారు. ఉసిరి చెట్టు దొరకలేదు, మామిడితో సరిపెట్టుకున్నాం. ఎంగిలాకులన్నీ మూటగట్టి వెనక్కి తెచ్చాం. ఇది శుభ్రత కోసమే కాదు. ఇక్కడి ఊరకాకి మన దేశపు కాకే. పంతొమ్మిదో శతాబ్దం చివర జంజిబార్‌లో వదిలితే తీరమంతా పాకింది, ఇప్పుడు స్థానిక పక్షుల గుడ్లూ పిల్లలూ తినేస్తోంది. పిండం పెట్టి పిలిచే అలవాటు మనది. ఇక్కడ మాత్రం పిలవొద్దు.

భోజనాల తర్వాత గైడు వెంట చిన్న జట్లుగా సైనోమెట్రా అనే చెట్ల పొదల్లోకి, ఎర్రమట్టి వైపు వెళ్లాం. సొకోకే చిట్టి గుడ్లగూబ పగలు అక్కడే పొదల్లో కునుకు తీస్తుంది. బరువు యాభై గ్రాముల చుట్టుపక్కల. ఒకటి బూడిద రంగు, పక్కనే ఇటుక రంగుది, రెండూ ఒకే జాతి. 1966లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది మన పక్షి శాస్త్రవేత్త సలీం అలీతో కలిసి పనిచేసిన అమెరికన్ రిప్లీయే. ఫ్లాష్ వద్దనీ, ఫోన్లో కూత వినిపించొద్దనీ ముందే చెప్పాం, అందరూ పాటించారు. పిల్లలైతే ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

క్లార్క్ గిజిగాడు మాత్రం కనబడలేదు. కిలిఫీ కౌంటీ దాటి ఎక్కడా లేని పక్షి ఇది. 1913లో పేరు పెట్టినా, గూళ్లు దొరకడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ ఈ అడవిలో కాదు, మలిందీకి ఉత్తరాన డకచ్చాలో, వానాకాలపు మడుగులోని తుంగలో. అందుకే వచ్చే ఏడాది డకచ్చా ఊళ్లకూ నారు పంపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. అక్కడ బొగ్గు బట్టీల బెడద ఇక్కడికంటే ఎక్కువ.

ఉచ్చుల ఏరివేత రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ రేంజరు వెంటే. పది మీటర్ల ఎడంతో వరుసగా నడవాలి. పుల్లల కంచెలో సందు కనబడితే అక్కడ వైరు ఉన్నట్టే. వైరు ఒక్కటే తీస్తే చాలదు, వంచిన కొమ్మనూ మేకునూ కూడా పీకాలి, లేకపోతే సాయంత్రానికి కొత్త ఉచ్చు లేస్తుంది. రెండోసారి వస్తామని పేరిచ్చినవారిలో సగం మంది రాలేదు. వనభోజనాలకు మాత్రం ఒక్కరూ తప్పలేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా పంపాం. వంటపాత్రల అద్దె ఒక్కటే అంచనా దాటింది. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

నారుమడికి బావి ఇచ్చిన మహిళా బృందానికీ, గైడులకూ, లారీ ఉచితంగా పంపిన సభ్యుడికీ, వంట చేసిన అమ్మలక్కలకూ ధన్యవాదాలు. నీళ్ల వంతుల పట్టిక సమావేశం రోజు గుమ్మం పక్క బల్ల మీద ఉంటుంది. పేరు రాసేవారు ఫోన్ నంబరు కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి