కేజీ లెక్కైనా ఓటీ ఇవ్వాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ భీమవరం దగ్గర ఒక ప్లాంటులో రొయ్యల తలలు తీస్తుంది. తెల్లారకముందే ఊళ్లోకి బస్సు వస్తుంది. సరుకు ఎక్కువున్న రోజు ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఐసు నీళ్లలో నాని వేళ్లు పాలిపోతాయి, ముల్లు గుచ్చుకున్న చోట వాచిపోతాయి. అన్నం కలుపుకోలేక చెంచా అడుగుతుంది.

ఓటీ, అంటే అదనపు గంటల కూలి, అడిగితే మేస్త్రీ "నీది కేజీ లెక్క కదమ్మా, గంటల లెక్క కాదు" అన్నాడట. ఇది తప్పు. కేజీ లెక్కన చేసినా రోజు కూలి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకూడదు. ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలు దాటితే ఆ పైన ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీయేనని 1982లోనే ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అమెరికా సుంకాలతో ఎగుమతిదారులు ఇబ్బంది పడ్డారు, కాదనను. ఆ నష్టాన్ని ఆడవాళ్ల ఓటీలోంచి రాబట్టుకోవడం ఏం న్యాయం?

మన రాష్ట్రంలో ఏప్రిల్, అక్టోబరుల్లో కనీస వేతనంలో కలిసే కరువు భత్యం మారుతుంది. ఆ రేట్లు ప్రతి ప్లాంటు గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. కార్మిక శాఖ అధికారులు చెరువుల్లో రొయ్యలు పట్టే సీజన్‌లో రాత్రిపూట రావాలి. బస్సు వచ్చిపోయే టైమును హాజరు పుస్తకంతో పోల్చి చూస్తే చాలు, ఎవరికెంత బాకీనో తేలిపోతుంది.

- ఒక రొయ్యల ప్లాంటు కార్మికురాలి కూతురు, పశ్చిమ గోదావరి జిల్లా