క్రూజ్ ట్రిప్: అడ్వాన్స్ కట్టే ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్తే. భవానీ ద్వీపం బోటు దిగుతూ "ఈసారి అసలు షిప్పే ఎక్కుదాం" అనుకున్నాం కదా, రెండు ఆదివారాలు కూర్చుని వివరాలు చూశాను.

ఖర్చు తగ్గాలంటే మన దేశపు క్రూజ్ కంపెనీ కార్డేలియానే. చెన్నై నుంచి బయల్దేరే తేదీ దొరికితే ముందు రోజు పినాకిని రైలుకి వెళ్లిపోవచ్చు. వెజ్ భోజనానికి లోటుండదు, జైన్ వంట కూడా ఉంది. రాయల్ కరీబియన్ షిప్పులు ఇంకా పెద్దవి, కానీ సింగపూర్ వెళ్లి ఎక్కాలి. విమానం, వీసా కలిపి లెక్కేసుకోండి.

డ్రింక్స్ దగ్గరే అసలు మెలిక. రాయల్‌లో ఒకరు మందు ప్యాకేజీ తీసుకుంటే, అదే క్యాబిన్‌లోని పెద్దవాళ్లందరూ తీసుకోవాలట. మా ఆవిడ కూల్‌డ్రింకే సగం వదిలేస్తుంది, ఆవిడకీ కట్టాలా! గ్లాసు లెక్కన కొనుక్కోవడమే నయం. బఫేలో మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ టికెట్‌లోనే.

మన ఊళ్లో ఒక ఏజెంటు పంపిన రేటు చూసి మురిసిపోయాను. తీరా కొటేషన్‌లో పోర్టు ఛార్జీలు, టిప్పులు, జీఎస్టీ అన్నీ అడుగున చిన్న అక్షరాల్లో! "అన్నీ కలిపి ఎంత?" అని రాతపూర్వకంగా అడిగాకే డబ్బు కట్టండి.

చెన్నైయా, సింగపూరా? శనివారంలోగా చెప్పండి. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి.