తుపాకీకి అవతల

చిత్తూరు,
గురువారం రాత్రి.

చిరంజీవి అమ్మణ్ణికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం.

ఆదివారం తిరుపతిలో మీ నాటక సమాజం వాళ్ళు పాత్రల ఎంపిక పెట్టారనీ, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మీద రాసుకున్న నాటకంలో ఆయన వేషానికే పోటీ పడబోతున్నాననీ, ఒక్కొక్కరికి ఇచ్చేది మూడు నిమిషాలేననీ నిన్న ఫోనులో చెప్పి, చివర్లో "కాల్చుకో అనే మాట ఎంత గట్టిగా అరవాలి నాన్నా?" అని అడిగావు. నేను "చూద్దాంలే" అని పెట్టేశాను. అది ఫోనులో తేలే సంగతిలా అనిపించలేదు, పైగా మీ అమ్మ పక్కనే ఉంది. నాటకం పేరెత్తితే ఆమెకు నా పాత రాత్రులన్నీ గుర్తుకొస్తాయి.

ముందుగా ఒక మాట. ఆడపిల్లవు, నీకు పంతులుగారి వేషమేమిటని అక్కడెవరైనా అంటే నొచ్చుకోకు. ఆయనే కుర్రతనంలో నాటకాల పిచ్చి పట్టి, గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి వెంట ఒంగోలు నుంచి రాజమండ్రి దాకా వెళ్ళిన మనిషి, స్త్రీ వేషాలు కట్టిన మనిషి. మన నాగయ్యగారూ సినిమాలకు వెళ్ళక ముందు ఈ చిత్తూరులోనే చిత్రాంగి వేషం కట్టారు. ఇన్నేళ్ళుగా మగవాళ్ళు ఆడవేషాలు అరువు తెచ్చుకున్నారు కదా, ఆ బాకీలో కొంత నువ్వు వసూలు చేసుకుంటున్నావని చెప్పు.

ఇక నువ్వడిగిన సంగతికి వస్తాను. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజున మద్రాసులోనూ హర్తాళ్ జరిగింది, హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ఒక మనిషి చనిపోయాడు. అప్పటికి పంతులుగారికి యాభై అయిదేళ్ళు. అదే హైకోర్టులో బారిస్టరుగా పేరూ డబ్బూ సంపాదించి, 1921 నాటికి ఆ వృత్తిని వదిలేసి పత్రిక పెట్టుకున్న మనిషి ఆ రోజు అదే వీధిలో సిపాయి తుపాకీ ఎదుట నిలబడ్డారు. చొక్కా తెరిచి రొమ్ము చూపించారన్న ముక్క మనం చిన్నప్పటి నుంచి పాఠాల్లో, ఉపన్యాసాల్లో విని విని, ఆయన ఆ వీధికి రొమ్ము చూపించడానికే వెళ్ళారన్నంతగా అలవాటు పడిపోయాం. ఆయన వెళ్ళింది చనిపోయిన మనిషిని చూడటానికి. సిపాయి అడ్డుపడి, ముందుకొస్తే కాలుస్తానన్నాడు కాబట్టి రొమ్ము తెరవవలసి వచ్చింది. దారి ఇచ్చి ఉంటే ఆ చొక్కా గుండీ ఊడేదే కాదు.

అందువల్ల ఎంత గట్టిగా అరవాలన్న లెక్క పక్కన పెట్టి, నీ చూపు ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకో. ఈ ఘట్టం వేసేవాళ్ళలో చాలామంది తుపాకీ గొట్టాన్నే చూస్తూ నిలబడతారని నా అనుమానం, ఎందుకంటే చూసే జనం కూడా అటే చూస్తారు. నువ్వు సిపాయి భుజం మీదుగా, అతని వెనక నేల మీద పడి ఉన్న మనిషిని చూడు. చూపు అక్కడ నిలిస్తే "కాల్చుకో" అనే మాట కేకగా రాదు, దారికి అడ్డంగా ఉన్నవాణ్ణి తప్పుకోమన్నట్టుగా వస్తుంది. ఏళ్ళ తరబడి కోర్టులో సాక్షులను ప్రశ్నించిన గొంతు అది, అవతలివాడు ఒక అడుగు దూరంలో ఉన్నప్పుడు అరవవలసిన అవసరం దానికి ఉండదు.

నాకీ సంగతి ఎట్లా తెలుసని అడుగుతావేమో. 1986లో మన ఊరి ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుండగా, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం నడుస్తున్న రోజుల్లో, వస్త్రాపహరణం నాటి సాయంత్రం వికర్ణుడి వేషగాడికి జ్వరం తగిలింది. పద్యం నోటికొచ్చిన కుర్రవాణ్ణి నేనొక్కణ్ణే కనబడ్డాను. నిండు సభలో భీష్మద్రోణులు నోరు మెదపని చోట, దుర్యోధనుడి తమ్ములలో ఒకడు లేచి, ముందు తనను తానే ఓడిపోయిన ధర్మరాజుకు ద్రౌపదిని పణం పెట్టే హక్కు ఎక్కడిదని అడగడం ఎంత పెద్ద మాటో అప్పుడు నాకు తెలియదు. చెక్క కిరీటం చెవుల మీద ఒరుసుకుంటుండగా పద్యం ఎత్తి పాడాను, జనం చప్పట్లు కొట్టారు, కర్ణుడు నన్ను చిన్నపిల్లవాడివని గద్దించాడు, నేను కూర్చున్నాను.

తెల్లవారుజామున ముఖం రంగు తుడుచుకుంటూ మా దుర్యోధనుడు, అరవై దాటిన మనిషి, నాతో అన్నాడు: "పద్యం బాగానే పాడితివి నాయనా. పాడినాక యాడికి పోతివి?" నాకు అర్థం కాలేదు. కూర్చున్నాక నేను గుంపులో మీ నాయనమ్మ ఎక్కడుందో వెతుక్కున్నానట, మెడ గోక్కున్నానట. "మాట చెప్పేసినావు, మళ్ళా మా నూరుమందిలోనే కూసున్నావు. నీ పక్కనుండేవాళ్ళు నీకు అన్నదమ్ములా, పగోళ్ళా? కుస్తీ అంతా ఆడే కదా ఉండేది" అన్నాడు. వికర్ణుడు ఆ సభ విడిచి వెళ్ళలేదు, అన్నను విడిచీ వెళ్ళలేదు, యుద్ధంలో కౌరవ పక్షాన నిలిచి భీముడి చేతిలోనే పోయాడు. మరుసటేడు దిద్దుకుందామనుకున్నాను కానీ ఆ వేషగాడు ఆరోగ్యంగా వచ్చాడు.

ఇంకొకటి నీకెప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో ఉండగా ఒక సమావేశంలో, తోటి గుమస్తా మీద అతను చేయని తప్పు మోపుతుంటే, అతణ్ణి కాపాడగల కాగితం నా ముందున్న ఫైలులోనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు. భయపడ్డది పై అధికారికి కాదు. అడిగేసిన తరువాత రిటైరయ్యేదాకా అదే గదిలో, అదే మనుషుల మధ్య కూర్చోవాలి కదా, ఆ కూర్చోవడానికి భయపడ్డాను. పంతులుగారు అట్లా కూర్చోగలిగారు. 1928 తరువాత ఆయనకు మిగిలిన బతుకు చూడు: సంపాదించినదంతా పత్రికకూ ఉద్యమానికీ ధారపోశారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, మరుసటి సంవత్సరం నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ఆ పదవి పోయింది. నువ్వు చదువుకున్న తిరుపతి విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఆ 1954లోనే. మీ నాటకంలో ఈ భాగం ఉందో లేదో నువ్వు చెప్పలేదు. లేకపోతే ఎందుకు లేదని అడుగు.

ఒకవేళ పంతులుగారి వేషం ఇంకెవరికైనా పోతే ముఖం చిన్నబుచ్చుకుని వచ్చేయకు, సిపాయి వేషం అడిగి తీసుకో. తుపాకీ ఎత్తడం ఎవరైనా చేస్తారు, దించడం కష్టం. ఏ ఆజ్ఞ మీద అతను అక్కడ నిలబడ్డాడో, దారి ఇచ్చిన తరువాత పైవాళ్ళకు ఏమని చెప్పుకున్నాడో, ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో, ఇదంతా ఒక్క మాటా లేకుండా భుజాల్లోనే చూపించాలి. నన్నడిగితే అదే పెద్ద వేషం.

ఆదివారం నీకిచ్చే మూడు నిమిషాల్లో చివరి అర నిమిషం మాట లేకుండా ఉంచుకో. సిపాయి పక్కకు తప్పుకున్నాక ఆగిపోకు, నడుచుకుంటూ వెళ్ళి నేల మీది మనిషి దగ్గర కూర్చో, వాళ్ళు చాలు అనేదాకా లేవకు. శనివారం ఐసు నీళ్ళు తాగకు. సోమవారం ఫోను చేసినప్పుడు మీ అమ్మ ఎత్తితే బాగానే జరిగిందని చెప్పి ఊరుకో, కూర్చున్న తరువాత ఏమైందో నాకు చెప్పు.

ఇట్లు,
మీ నాన్న.