చూస్తున్నావు సరే, అడగవేం?

అమ్మడూ,

మీ నాన్న మధ్యాహ్నం మాత్ర వేసుకోలేదని బెంగళూరు నుంచి మెసేజ్ పెట్టావు. నిజమే, వేసుకోలేదు. వంటింట్లో ఉన్న నేను గమనించనిది హాల్లో నువ్వు పెట్టించిన కెమెరా పట్టేసింది. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయిన కొత్తలో అది నీకు ధైర్యమిచ్చింది, కాదనను. కానీ అప్పటి నుంచి నీ ఫోను తీరు మారింది. "ఏం చేస్తున్నావమ్మా" అని మొదలయ్యేది కాస్తా "అంతసేపు టీవీ ఎందుకమ్మా" అయింది. అన్నీ చూసేశాక ఇక నీకు అడగడానికేముంది, నాకు చెప్పడానికేముంది?

మొన్న పక్కింటావిడ వచ్చి ఏడ్చి వెళ్ళింది. అదీ చూసే ఉంటావు. ఎందుకు ఏడ్చిందని మాత్రం అడగలేదు. గోడ మీది ఆ కన్ను ఆవిడ కంట కూడా పడినట్టుంది, ఇప్పుడు హాల్లో కూర్చోవడం లేదు. నేరుగా పెరట్లోకి వస్తోంది.

కొర్లగుంటలో మన ఇల్లు ఎలా ఉండేదో నీకు గుర్తుండాలి. తిరుపతిలో కాపురమంటే బంధువులందరికీ సత్రం పెట్టినట్టే. తెల్లవారుజామున రైలు దిగి, చెప్పాపెట్టకుండా సంచులతో వచ్చేవారు. స్నానం చేసి, నాలుగు ఇడ్లీలు తిని కొండెక్కి, గుండ్లతో దిగేవారు. విసుక్కున్న రోజులు లేవని అబద్ధమాడను. కానీ ఆ రాత్రి చాపలు పరిచాకే అసలు కబుర్లు బయటపడేవి. ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరి అప్పు తీరలేదు, ఏ అన్నదమ్ములకు మాటల్లేవు, అన్నీ.

ఇప్పుడు మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. కొండ మీద గదీ అంతే. రేణిగుంటలో విమానం దిగి, అక్కడి నుంచి టాక్సీలో నేరుగా తిరుమలకు. గుడి ముందు దిగిన ఫొటో గ్రూపులోకి వచ్చాక గానీ వాళ్ళు మన ఊరికి వచ్చారని మాకు తెలియదు. మీ నాన్న ఒక దండం బొమ్మ పెడతారు. లడ్డూ మాత్రం రాదు!

నేరమంతా ఇంటర్నెట్‌దే అనడం లేదు. స్థలం చవకని ఊరి బయట అవిలాల వైపు ఇల్లు కట్టుకున్నది మేమే. ఇంత దూరం ఆటో చేసుకుని ఎవరు వస్తారు? ఇక్కడ అన్నీ వెడల్పు రోడ్లు, మూసిన గేట్లు. ఎదురింటాయన తన వాకిలికి మన కారు అడ్డుగా ఉందని కాలనీ గ్రూపులో రాస్తాడు. నాలుగు అడుగులు వేసి బెల్లు కొడితే కాఫీ అయినా ఇచ్చేదాన్ని. అయినా 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు ఏ దారిలో నీళ్ళున్నాయో, పాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పింది ఆ గ్రూపే. అది లేకపోతే ఇంకా అవస్థపడేవాళ్ళం. మనవడి స్నానం రోజూ వీడియోలో చూసి మురిసిపోయేదాన్ని, ఆ ఇంటర్నెట్‌ను తిట్టడానికి నాకు నోరెలా వస్తుంది?

నాకు బెంగ వేసింది మీ ఇంటికి వచ్చినప్పుడు. అల్లుడు ఇంకా రాలేదేమని అడిగితే, ఫోనులో మ్యాపు మీద చుక్క చూపించి "సిల్క్ బోర్డు దగ్గర ఆగాడమ్మా, ఇంకో గంట" అన్నావు. సరిగ్గా అంతసేపటికే వచ్చాడు. ఎందుకింత ఆలస్యమని నువ్వు అడగలేదు, అతను చెప్పలేదు. ఆ ముఖం చూస్తే ఆఫీసులో ఏదో జరిగినట్టే ఉంది. అత్తగారిని, నేను అడగలేను కదా. నువ్వు అడగాలి. తెలిసిన సంగతే అయినా అడగాలి. నాన్న ఇంటికి వచ్చీ రాగానే నేను "ఏమి విశేషాలు" అంటే, "ఏముంటాయి" అని విసుక్కుంటూనే అరగంట చెబుతారు. మా కాపురం సగం ఆ అరగంటలతోనే గడిచింది.

ఈసారి వచ్చినప్పుడు కెమెరాను గేటు వైపు తిప్పించు. మాత్రల సంగతి నేను చూసుకుంటాను. సందేహం వస్తే ఫోను చెయ్యి.

అన్నట్టు, కర్నూలు పిన్ని వాళ్ళు కొండకు టికెట్లు తీసిపెట్టమని నిన్ను అడిగారట. తీసిపెట్టు, ఆ పోటీలో నీ వేళ్ళకున్న వేగం మాకు లేదు. గది మాత్రం తీయకు. ఇక్కడే దిగమని, రాగిసంగటి, వేరుశనగ చట్నీ చేస్తానని చెప్పు. నాన్న మోకాలి సంగతి దానికి ఇంకా తెలియదు. నువ్వు గ్రూపులో పెట్టకు, వచ్చాక నేనే చెప్పుకుంటాను.

ఆశీస్సులతో,
అమ్మ