జెమ్ మినహాయింపు మంచిదే, కొన్న లెక్క మాత్రం బయట పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సైంటిఫిక్ సంస్థలు జెమ్ పోర్టల్ (ప్రభుత్వ ఆఫీసులు సామాను కొనాల్సిన సర్కారీ ఆన్‌లైన్ బజారు) బయట కూడా ల్యాబ్ సామాను కొనుక్కోవచ్చని 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ సడలింపు ఇచ్చింది కదా, ఇంక దోచుకోవడమే అంటున్నారు కొందరు. నేను ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి ఇండెంట్లు, అంటే ఫలానా సామాను కావాలనే అర్జీలు, రాసినవాణ్ణి, నా మాట కూడా కాస్త వినండి.

కుర్చీలు, ప్రింటర్లు, కాగితాలు జెమ్‌లో కొనడం సుఖమే, కాదనను. ల్యాబ్ సామాను దగ్గరే గొడవంతా. ఒకసారి పైపెట్ టిప్పులకి (ద్రవాన్ని కొలిచి తీసే పరికరానికి తొడిగే ప్లాస్టిక్ కొసలు) బిడ్ పెడితే ఎల్1గా, అంటే అందరికన్నా తక్కువ రేటుతో, వచ్చినవాడివే తీసుకోవాల్సొచ్చింది, చూడ్డానికి బానే ఉన్నాయి, పైపెట్‌కి తొడిగితే బిగుతు లేదు, రెండు మైక్రోలీటర్లు తీస్తే ట్యూబులోకి ఎంత వెళ్లిందో కొసన ఎంత వేలాడుతోందో ఆ దేవుడికే తెలియాలి. పాపం పీహెచ్‌డీ చేసే అమ్మాయి రీఏజెంట్ మార్చింది, ప్రోటోకాల్ మార్చింది, చివరికి పాత ప్యాకెట్‌లో మిగిలిన టిప్పులు వాడితే రిజల్ట్ వచ్చింది. మూడు వారాలు, బోలెడు ఎంజైము గోవిందా. ఆడిట్ లెక్కలో మాత్రం మేం డబ్బు ఆదా చేసినట్టే!

అందుకే సంస్థల డైరెక్టర్లకి, యూనివర్సిటీ వీసీలకి జెమ్ బయట కొనే అధికారం ఇవ్వడం కరెక్టే అంటాను. కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి, పర్చేజ్ కమిటీది 10 నుంచి 25 లక్షలకి పెంచారు, ఇప్పటి రేట్లకి అదేం పెద్ద ఉదారం కాదు.

నా భయం వేరే. ఒక కంపెనీ బ్రోచర్ చూసి స్పెసిఫికేషన్ దింపేస్తే ఇంకెవడూ దగ్గరికి రాలేడు, ఇది పోర్టల్ ఉన్నప్పుడూ జరిగేదే అనుకోండి, ఇప్పుడు ఇంకా తేలిక. కాబట్టి బయట కొన్న ప్రతి వస్తువూ ఏంటి, ఎవరి దగ్గర, ఎంతకి, జెమ్‌లో ఎందుకు కొనలేదు అని నెలనెలా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆర్టీఐ చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడక్కుండానే సమాచారం పెట్టమనే చెప్తోంది, కొత్తగా చట్టం కూడా అక్కర్లేదు. అదే ఎంజైము పక్క ల్యాబ్ ఎంతకి కొందో కనబడితే డీలర్ నోటికొచ్చిన రేటు చెప్పడానికి జంకుతాడు.

నేనున్నప్పుడు కొన్న లెక్కలు రాసే రిజిస్టర్ బీరువాలో ఉండేది. తాళం స్టోర్స్ ఆయన దగ్గర, ఆయన లీవు పెడితే మాక్కూడా కనపడేది కాదు.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగి