మెటికల మీద నింద, అసలు జబ్బు మీద అశ్రద్ధ

సంపాదకులు గారికి,

మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందన్న మాట ఆరోగ్య చిట్కాల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ఫోన్లలో తిరిగే మెసేజ్‌ల సంగతి సరేసరి. ఉత్తిమాటే కదా, పోనిద్దురూ అని నేనూ అనుకునేదాన్ని.

మా అక్కకి చిన్నప్పటి నుంచీ మెటికలు విరిచే అలవాటు. 40 దాటాక పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయేవి. కుళాయి తిప్పలేకపోయేది. సబ్బు రాసినా ఉంగరం ఊడొచ్చేది కాదు. "విరిచావుగా, అనుభవించు" అన్నాం అందరం. నేనూ అన్నాను. చేసుకున్నదే కదా అని తనూ సిగ్గుపడి, దాదాపు ఏడాది డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. చివరికి తేలింది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే కీళ్ల పొర మీద పడి పాడుచేసే జబ్బు. మెటికలకీ దానికీ సంబంధం లేదు. మందులు తొందరగా మొదలుపెడితే కీళ్లు వంకరపోకుండా చాలావరకు ఆపొచ్చు. మేం ఆ ఏడాదంతా నవ్వుకుంటూ గడిపేశాం.

అసలు ఆ చప్పుడు ఎముకలది కాదు. వేలు లాగినప్పుడు కీలు లోపలి జిగురు ద్రవంలో ఒత్తిడి తగ్గి గ్యాస్ బుడగ పుడుతుంది. చప్పుడు బుడగ పుట్టినప్పుడా, చితికినప్పుడా అన్న వాదన మాత్రం శాస్త్రవేత్తల్లో తెగలేదు. ఓ 20 నిమిషాలు ఆగితే గానీ అదే వేలు మళ్లీ మోగదు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టర్ 50 ఏళ్లు ఎడమచేతి మెటికలే విరిచి, కుడిచేతిని వదిలేశాడు. రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని 1998లో ఓ వైద్య పత్రికకి రాశాడు, మొండి మనిషి! ఒక్కడి మాట చాలదంటే, 2011లో 215 మందిని పరిశీలించినప్పుడూ విరిచేవాళ్లకీ విరవనివాళ్లకీ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. పట్టు తగ్గుతుందని, చేతులు వాస్తాయని 1990లో ఒక అధ్యయనం చెప్పింది గానీ తర్వాతి పరీక్షల్లో అది నిలబడలేదు. మెడ విరవడం వేరు, అది ఎవరి చేతా చేయించుకోవద్దు. అరుదుగానైనా మెదడుకి వెళ్లే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది.

మీ ఆరోగ్య పేజీలో ఈసారి మెటికల ప్రస్తావన వస్తే, దాని పక్కనే రెండు లైన్లు వేయండి. పొద్దున అరగంట దాటినా వేళ్ల బిగుతు వదలకపోతే, కీళ్ల వాపు వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోమని. అక్క కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా చాపలేదు.

ఇట్లు
మీ పాఠకురాలు